కనెక్షన్ అన్న ఒక్క మాటను ఫ్రెంచిలోకి ఎలా తెచ్చుకోవాలి: వరుసగా ఏం చేయాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది

ఫ్రెంచి నేర్చుకునే పిల్లలు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది క్రియల గురించి అనుకుంటారేమో, కాదు. "మాస్టారూ, కనెక్షన్‌ని ఫ్రెంచిలో ఏమంటారు?" ఇదీ ప్రశ్న. "ఏ కనెక్షన్?" అని నేను ఎదురు అడగ్గానే అవతల మాట ఆగిపోతుంది.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందు గదిలోనే పాఠాలు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచి తీసుకున్నవాళ్లు కొందరు, ఎమ్మెస్‌కి ఫ్రాన్స్ వెళ్లబోయేవాళ్లు కొందరు. ఒకసారి వాళ్లలో ఒకమ్మాయి అమ్మమ్మ గురించి పది వాక్యాలు రాసుకొచ్చింది. "మా అమ్మమ్మకీ నాకూ గట్టి అనుబంధం" అని చెప్పాలని తన ఉద్దేశం. ఫోన్లో డిక్షనరీ తెరిచి కనెక్షన్ అని కొట్టి, వచ్చిన వరుసలో మూడో మాట 'లియేజోఁ' ఎత్తి పెట్టేసింది. మనుషుల మధ్య వాడితే ఆ మాటకు చాటుమాటు ప్రేమ వ్యవహారం అని అర్థం. విషయం చెప్పగానే ఆ పేజీ చింపి బ్యాగులో కుక్కేసుకుంది పాపం.

తప్పు ఆ అమ్మాయిది కాదు. తెలుగులో వేర్వేరు మాటలున్న పదిహేను సంగతులను ఇంగ్లీషు ఒకే గోనెసంచిలో వేసి మూతి కట్టింది. ఫ్రెంచి వాటిని మళ్లీ విడదీస్తుంది. కాబట్టి ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు మీదుగా వెళ్లాలి. ఈ పద్ధతి అంతా ఆ ఒక్క మలుపు మీదే నడుస్తుంది.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక రూళ్ల నోటుపుస్తకం, రెండు రంగుల పెన్నులు. ఒక రంగు పుంలింగానికి, ఒకటి స్త్రీలింగానికి. ఫ్రెంచిలో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. మాటను లింగం లేకుండా నేర్చుకుంటే తర్వాత మొత్తం మళ్లీ నేర్చుకోవాలి.

పది సొంత వాక్యాలు. పుస్తకంలోవి వద్దు. నిన్న ఇంట్లో, బస్సులో, ఫోన్లో మీరు నిజంగా "కనెక్షన్", "కనెక్ట్", "లింకు" అన్న వాక్యాలు రాసుకోండి. గంట సేపు గమనిస్తే చాలు, పది దొరుకుతాయి.

ఇక్కడ ఫ్రెంచి మాటలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ముక్కుతో పలికే అచ్చు వచ్చిన చోట అరసున్న పెట్టాను. 'లియాఁ' అని కనిపిస్తే చివర 'న్' అనకండి, గాలిని ముక్కులోకి వదిలి ఆపేయండి. 'యు' అని రాసిన చోట పెదవులు ఈల వేసేటట్టు గుండ్రంగా పెట్టి 'ఇ' అనాలి. స్పెల్లింగ్ మాత్రం డిక్షనరీలో చూసి మీ నోటుపుస్తకంలో ఎక్కించుకోవాలి.

2. ఇంగ్లీషు మాట కొట్టేసి తెలుగు మాట రాయండి

మీ పది వాక్యాల్లో "కనెక్షన్" ఉన్న ప్రతిచోటా గీత కొట్టి, మీ నాయనమ్మ అయితే ఏమనేదో అది రాయండి.

"అతనికి పెద్ద కనెక్షన్లున్నాయి" అంటే పలుకుబడి. "దీనికీ దానికీ కనెక్షన్ ఏంటి" అంటే పొంతన, సంబంధం. "వాళ్లకీ మాకూ ఏదో కనెక్షన్ ఉంది" అంటే చుట్టరికం. "బెజవాడలో కనెక్షన్ ట్రైన్" అంటే బండి మారడం. "కనెక్షన్ లూజుగా ఉంది" అంటే తీగ సరిగా తగలడం లేదు.

నాయనమ్మ మాట దొరకనివి కొన్ని మిగులుతాయి. నెట్, గ్యాస్, కేబుల్ వంటివి. వాటి దగ్గర తెలుగు మాట కోసం తంటాలు పడకండి. అసలు ఏం జరిగిందో చిన్న వాక్యంలో రాయండి. "నెట్ రావడం లేదు", "గ్యాస్ కంపెనీలో మన పేరు నమోదు చేయించాం" అని. ఈ చిన్న వాక్యాలే తర్వాత దారి చూపిస్తాయి.

ఈ మెట్టు దాటవేసినవాళ్లంతా ఆ అమ్మమ్మ వాక్యం దగ్గరికే చేరుతున్నారు.

3. ఏది దేనితో కలుస్తోందో అడగండి

ఇప్పుడు ప్రతి వాక్యానికీ ఒకే ప్రశ్న: కలుస్తున్న రెండూ ఏమిటి? వస్తువులా, ప్రయాణాలా, మనుషులా, ఆలోచనలా? జవాబును పక్కన మార్జిన్‌లో ఒక్క అక్షరంతో గుర్తు పెట్టుకోండి: వ, ప్ర, మ, ఆ. నాలుగు గుర్తులు చాలు. కొందరు పిల్లలు పన్నెండు రకాలుగా విడగొట్టి రంగురంగుల చార్టులు వేసుకొస్తారు. చార్టు అందంగానే ఉంటుంది, వాక్యం మాత్రం రాదు.

4. తీగ, గొట్టం, బిల్లు

అందరూ ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఫ్రాన్స్‌లో అద్దె ఇల్లు తీసుకోగానే మొదట అవసరమయ్యేవీ ఈ మాటలే. కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం.

"కరెంట్ కనెక్షన్" అని మనం ఒకే మాట అంటాం కానీ అందులో నాలుగు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి.

ఒకటి, వీధి లైను నుంచి కొత్తగా కట్టిన ఇంటి దాకా తీగ లాగడం. ఇది 'రకోర్దమాఁ', పుంలింగం. ఫ్రాన్స్‌లో ఎక్కువ ప్రాంతాల్లో ఈ పని చూసేది ఎనెదీస్ అనే పంపిణీ సంస్థ. మన ఊళ్లో కరెంట్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టి, స్తంభం నుంచి సర్వీసు వైరు వేయించుకోవడం లాంటిది.

రెండు, తీగను తీగకు కలపడం, ప్లగ్గును సాకెట్లో పెట్టడం. ఇది 'బ్రాఁష్‌మాఁ', ఇదీ పుంలింగమే. క్రియ 'బ్రాఁషే'. ఫ్రిజ్ ప్లగ్ పెట్టమని చెప్పాలన్నా ఇదే.

మూడు, కంపెనీతో ఒప్పందం. ఇది 'కోఁత్రా' లేదా 'అబొన్‌మాఁ'. నెలనెలా బిల్లు వచ్చే వ్యవహారం ఏదైనా ఈ కింద పడుతుంది.

నాలుగు, తీగ, మీటరు అన్నీ ఉన్న ఇంట్లోకి కొత్తగా అద్దెకు దిగి, మీ పేరు మీద కరెంటు ఇవ్వమని అడగడం. ఇది 'మీజాఁ సెర్వీస్', స్త్రీలింగం.

విద్యార్థికి కావాల్సింది దాదాపు ఎప్పుడూ మూడోదీ నాలుగోదీ. అయినా మనవాళ్లు ఫోన్ చేసి 'రకోర్దమాఁ' కావాలని అడుగుతారు. అవతలివాళ్లు కొత్త ఇల్లు కడుతున్నారనుకుని ఇంకో విభాగానికి పంపిస్తారు. నా దగ్గర చదువుకుని వెళ్లిన ఒకబ్బాయి ఇలాగే రెండు రోజులు ఫోన్లు పట్టుకుని తిరిగాడు. చివరికి మాట మార్చి అడిగితే పది నిమిషాల్లో పని అయిపోయిందట.

ఫోన్ చేసే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి:

- ఇంటి అడ్రసు, అంతస్తు, ఉంటే పాత అద్దెదారు పేరు
- 'ప్వాఁ ద లివ్రేజోఁ' అనే 14 అంకెల నంబరు. పాత బిల్లు మీద ఉంటుంది
- మీటరు రీడింగు. మీటరు పేరు చిత్రంగా 'లింకీ'
- ఇంట్లో దిగే తేదీ
- బ్యాంకు ఖాతా వివరాలు

గ్యాస్ సంగతి వేరే. "గ్యాస్ కనెక్షన్ తీసుకున్నాం" అన్నప్పుడు మన దృష్టిలో గొట్టం లేదు, కన్స్యూమర్ నంబరున్న పుస్తకం ఉంది. అంటే అది ఖాతా. కాబట్టి 'కోఁత్రా ద గాజ్'. కేబుల్, ఫోన్, నెట్ నెలవారీగా తీసుకోవడమూ 'అబొన్‌మాఁ'నే.

మరి 'కొనెక్సియోఁ' ఎప్పుడు? నెట్ నడుస్తోందా లేదా అన్నప్పుడు. "నెట్ పోయింది" అంటే 'జే పెర్ద్యు లా కొనెక్సియోఁ'. వెబ్‌సైటులోకి లాగిన్ అవడం 'స కొనెక్తే'. ఇక్కడ స్పెల్లింగ్ ఉచ్చు ఒకటుంది. ఇంగ్లీషులో సి, టి ఉన్న చోట ఫ్రెంచి నామవాచకంలో ఎక్స్ వస్తుంది. క్రియలో మాత్రం మళ్లీ సి, టి. పరీక్షలో ఈ ఒక్కచోటే ఎంతమంది జారిపడతారో.

ఫోన్లో సిగ్నల్ లేకపోతే 'కొనెక్సియోఁ' అనకండి. 'ఇల్ నీ యా పా ద రేజో' అనండి, నెట్‌వర్క్ లేదని. లేదా 'జ న కాప్త్ పా'. వైఫైని వాళ్లు 'వీఫీ' అంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఏదో కూరగాయ పేరేమో అనిపించింది.

లూజ్ కనెక్షన్‌కు 'ఫో కోఁతాక్త్'. విడదీస్తే అబద్ధపు కాంటాక్ట్. ఛార్జరు వంకరగా పెడితేనే ఎక్కుతోందని దుకాణంలో చెప్పాలంటే ఇదొక్కటే చాలు.

5. బండి మారడం

గుంటూరు నుంచి బయల్దేరి విజయవాడ జంక్షన్లో దిగి ఇంకో రైలు ఎక్కితే, ఆ రెండో రైలు మీ 'కొరెస్పోఁదాఁస్'. స్త్రీలింగం. విమానానికీ, మెట్రోకీ ఇదే. పారిస్ మెట్రోలో షాత్లే స్టేషన్ దగ్గర 5 లైన్లు కలుస్తాయి. అక్కడ బోర్డుల మీద ఈ మాట కోసం చూడాలి. 'సోర్తీ' అన్న బోర్డు వెంట వెళ్తే వీధిలోకి వచ్చేస్తారు.

రైలు తప్పిపోతే: 'జే రతే మా కొరెస్పోఁదాఁస్'. ఇదే చోట 'కొనెక్సియోఁ' అంటే కౌంటర్లో మనిషి మీకు నెట్ రావడం లేదనుకోవడానికి అవకాశం ఉంది.

'ఎస్కాల్' అంటే మధ్యలో ఆగడం. గన్నవరంలో విమానం ఎక్కి, ఢిల్లీలో మారి, పారిస్ వెళ్తే ఢిల్లీ మీ ఎస్కాల్, ఢిల్లీలో ఎక్కే విమానం మీ కొరెస్పోఁదాఁస్. 'కొరెస్పోఁదాఁస్'కు ఉత్తర ప్రత్యుత్తరాలన్న అర్థమూ ఉంది. మన కరస్పాండెన్స్ కోర్సు గుర్తుంటే మాట మరిచిపోరు.

6. మనుషుల మధ్య

ఇక్కడ మాట తప్పితే మార్కులతో పాటు పరువూ పోతుంది. కాబట్టి చుట్టరికం, అనుబంధం, పరిచయం, పలుకుబడి, మనసు కలవడం అని ముందే విడదీసుకోండి.

చుట్టరికానికి 'లియాఁ ద పరాఁతే', పుంలింగం. ఫారాల్లో గడి పేరుగా ఈ మాటే కనిపిస్తుంది. ఆ గడిలో "దగ్గరి చుట్టం" అని రాస్తే సరిపోదు, వరస రాయాలి. బాబాయి, పెదనాన్న, మేనమామ ముగ్గురూ 'ఓఁక్ల్'లే. తేడా చెప్పాల్సి వస్తే నాన్న వైపు అయితే 'పతెర్నెల్', అమ్మ వైపు అయితే 'మతెర్నెల్' అని తగిలించండి. పెళ్లి ద్వారా వచ్చిన వరసలకు 'పార్ అలియాఁస్'. వియ్యంకుడికి వాళ్ల దగ్గర రోజువారీ మాట లేదు. "మా అమ్మాయి మామగారు" అని విడమరచి చెప్పాల్సిందే. 'పరాఁ' అంటే అమ్మానాన్నలూ అవుతారు, చుట్టాలూ అవుతారు. సందర్భాన్ని బట్టి తెలుస్తుంది.

అనుబంధానికి 'లియాఁ' ఒక్కటి చాలు. ఆ అమ్మమ్మ వాక్యాన్ని ఇలా దిద్దాం: 'జే ఆఁ లియాఁ త్రె ఫోర్ అవెక్ మా గ్రాఁ-మెర్'. ఆ అమ్మాయి దాన్ని కొత్త పేజీలో మూడుసార్లు రాసుకుంది.

'రలాసియోఁ' దగ్గర జాగ్రత్త. బహువచనంలో 'అవ్వార్ దే రలాసియోఁ' అంటే పలుకుబడి గల పరిచయాలు ఉండటం. ఏకవచనంలో ఒకరితో 'యూన్ రలాసియోఁ' ఉందంటే సాధారణంగా ప్రేమ వ్యవహారమే స్ఫురిస్తుంది. ఆఫీసు పనిగా ఒకరితో సంప్రదింపుల్లో ఉన్నామనాలంటే 'ఆఁ రలాసియోఁ అవెక్' అనాలి. ఏకవచనం, బహువచనం, ముందున్న చిన్నమాట మారితే మొత్తం కథే మారిపోతుంది.

'రపోర్' కూడా అంతే. ఒకరితో మంచిగా ఉంటున్నామనడానికి 'ద బోఁ రపోర్' అనండి, 'మంచి' అన్న విశేషణంతో సహా. విశేషణం లేకుండా ఉత్త 'దే రపోర్' అంటే శారీరక సంబంధం అనుకునే ప్రమాదం ఉంది.

సిఫార్సుతో ఉద్యోగం వచ్చిందనాలంటే 'పిస్తోఁ' అన్న మాట ఉంది. ఇంజన్లో ఉండే పిస్టనే. వెనక నుంచి తోసేది కదా! సిఫార్సు మీద లోపలికి వచ్చినవాడు 'పిస్తొనే'. మాట్లాడుకునేటప్పుడు వాడే మాట ఇది, దరఖాస్తులో రాయకండి.

ఇద్దరికీ మొదటి పరిచయంలోనే కుదిరిందనాలంటే మనవాళ్లు "బాగా కనెక్ట్ అయ్యారు" అంటారు. ఫ్రెంచిలో 'ల కూరాఁ పాస్ బియాఁ ఆఁత్ర్ ఓ'. వాళ్ల మధ్య కరెంటు బాగా పారుతోందని. ఇది నాకు చాలా ఇష్టమైన వాడుక. కరెంట్ మాట నుంచి పారిపోయి అనుబంధం దగ్గరికి వస్తే అక్కడా కరెంటే ఎదురైంది.

"సినిమాకి కనెక్ట్ కాలేకపోయాను" అనడానికి మాత్రం కరెంటు అక్కర్లేదు. 'జ నే పా అక్రోషే'. కొక్కేనికి తగులుకోలేదన్నమాట.

"మా వాడికి మంచి సంబంధం వచ్చింది" అన్న వాక్యం ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. పెళ్లి సంబంధానికి 'లియాఁ', 'రలాసియోఁ' రెండూ పనికిరావు. 'ఆఁ బోఁ పార్తీ' అనాలి. అయితే ఆ మాట వచ్చిన మనిషిని సూచిస్తుంది, మాటలు కలపడాన్ని కాదు. అమ్మాయి గురించి అన్నా పుంలింగమే. పెళ్లిచూపుల తతంగమంతా ఫ్రెంచిలో చెప్పాలంటే ఒక్క మాటతో కాదు, మూడు వాక్యాలు కావాలి.

7. ఆలోచనల మధ్య

రెండు విషయాలకు సంబంధం ఉందనడానికి 'లియాఁ' లేదా 'రపోర్', రెండూ పుంలింగాలే. "దీనికీ దానికీ ఏమిటి సంబంధం?" అని విసుగ్గా అడగాలంటే 'కెల్ రపోర్?' రెండే మాటలు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టేవాళ్లను ఆపడానికి 'సా నా రియాఁ నా వ్వార్', దానికీ దీనికీ సంబంధమే లేదని.

రెండు సంగతులు కలిపి చూసుకోవడానికి 'ఫెర్ ల రప్రోష్‌మాఁ'. "ఆయన మీ నాన్నగారని నాకు తట్టలేదు" అన్నప్పుడు సరిగ్గా ఇదే వాడాలి.

పరీక్షకు చదివేవాళ్లకు ఇంకొకటి. వ్యాసంలో వాక్యాలను కలిపే మాటలను 'కొనెక్తెర్' అంటారు. ఫ్రెంచి ఎంత వచ్చో తేల్చే డెల్ఫ్ పరీక్షకు మొత్తం 100 మార్కులు, నాలుగు భాగాలకు 25 చొప్పున. 50 వస్తే పాస్, కానీ ఏ భాగంలోనూ 5కి తగ్గకూడదు. రాత భాగంలో బీ1 స్థాయి నుంచి ఈ కలిపే మాటలు లేకపోతే వ్యాసం అతుకులబొంతలా కనిపిస్తుంది. మొదట ఈ ఆరూ చాలు: 'దబోర్' ముందుగా, 'ఆఁస్యుయిత్' తర్వాత, 'కార్' ఎందుకంటే, 'దోఁక్' కాబట్టి, 'పూర్తాఁ' అయినా, 'ఆఁఫాఁ' చివరగా. ఇరవై బట్టీ పట్టి అన్నీ ఒకే పేరాలో దింపొద్దు.

రసాయన శాస్త్రంలో బంధానికి 'లియేజోఁ'. ఎంపీసీ పిల్లలూ, మీకు తెలిసిన హైడ్రోజన్ బంధం 'లియేజోఁ ఇద్రోజెన్'. పరమాణువుల మధ్య ఆ మాటతో ఏ గొడవా లేదు. వెబ్ లింకు 'లియాఁ', గొలుసులో ఒక లంకె 'మాయోఁ', ఈమెయిల్‌కు తగిలించే ఫైలు 'పియెస్ జ్వాఁత్'. వీటికి ఇంతకంటే చెప్పేదేం లేదు.

8. క్రియ ఎంచుకోండి, వెంట వచ్చే చిన్నమాట చూడండి

నామవాచకం కుదిరాక క్రియ. 'రలియే' రెండు చోట్లను కలపడానికి. ప్రకాశం బ్యారేజీ విజయవాడను తాడేపల్లి వైపుతో కలుపుతుందని చెప్పాలంటే ఇదే. పుస్తకం బైండింగ్ చేయడానికీ ఇదే మాట. 'లియే ఆ' అంటే ఫలానా దానివల్ల, దానికి సంబంధించిన అని. మే నెల బెజవాడ గురించి రాస్తే 'లే ప్రోబ్లెమ్ లియే ఆ లా షాలెర్', అంటే ఎండవల్ల వచ్చే సమస్యలు, తప్పకుండా పనికొస్తుంది.

చిన్నమాటల్లో గుర్తుంచుకోవాల్సినవి:

- 'లియాఁ ఆఁత్ర్': దీనికీ దానికీ మధ్య
- 'లియాఁ అవెక్', 'రపోర్ అవెక్': దానితో
- 'స కొనెక్తే ఆ', 'రకోర్దే ఆ': దానికి
- పుంలింగం ముందు 'ఆ ల' అని రాయకూడదు, 'ఓ' అవుతుంది: 'స కొనెక్తే ఓ రేజో'

"ఇన్ కనెక్షన్ విత్" అని ఆఫీసు ఉత్తరాల్లో రాసేదాన్ని ముక్కకు ముక్క మార్చవద్దు. ఒక పని గురించి అయితే 'ఓ స్యుజే ద', ఒక ప్రాజెక్టులో భాగంగా అయితే 'దాఁ ల కాద్ర్ ద'.

9. లింగం తోక చూసి చెప్పేయొచ్చు

'సియోఁ', 'జోఁ' అని ముగిసే మన మాటలు 'కొనెక్సియోఁ', 'రలాసియోఁ', 'లియేజోఁ' స్త్రీలింగాలు. 'ఆఁస్' అని ముగిసిన 'కొరెస్పోఁదాఁస్' కూడా. 'మాఁ' అని ముగిసే 'రకోర్దమాఁ', 'బ్రాఁష్‌మాఁ', 'రప్రోష్‌మాఁ' పుంలింగాలు. ఈ మూడో సూత్రానికి పేరున్న మినహాయింపు 'జ్యుమాఁ'. అంటే ఆడగుర్రం. అది స్త్రీలింగం కాకపోతేనే వింత.

10. పలికేటప్పుడు కలపడం

'లియేజోఁ'కు ఇంకో అర్థం ఉంది, మాటల మధ్య ఉచ్చారణ కలవడం. తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ఇది సులువు. మాట చివర రాసి పలకని హల్లు, పక్క మాట అచ్చుతో మొదలైతే బయటికి వస్తుంది. 'లే' పక్కన 'అమీ' వస్తే 'లేజమీ'.

'ల' పక్కన 'అమీ' వస్తే 'లమీ'. అచ్చు రాలిపోయింది, మన ఉత్వసంధిలో 'రాముడు', 'ఇతడు' కలిసి 'రాముడితడు' అయినట్టు. దీన్ని 'ఎలిజియోఁ' అంటారు. 'ఉందా?' అని అడిగే 'యా-తిల్'లో మధ్య 'త' ఎక్కడి నుంచో వచ్చి కూర్చుంటుంది, 'మా అమ్మ' 'మాయమ్మ' అయినప్పుడు వచ్చే యకారంలాగా. ఈ మూడింటినీ ఒకటే అనుకుంటే తికమక తప్పదు.

సాధన ఇలా చేయండి. 'లే', 'మే', 'దే', 'నూ', 'వూ' తర్వాత అచ్చు వస్తే తప్పకుండా కలపండి. 'ఎ' అంటే 'మరియు', దాని తర్వాత ఎప్పుడూ కలపకండి. హెచ్‌తో మొదలయ్యే మాటల్లో కొన్నింటిలో ఆ హెచ్ కలవనివ్వదు. 'లే ఏరో' అంటే వీరులు. అక్కడ కలిపి 'లేజేరో' అంటే సున్నాలు అయిపోతారు.

11. తరచూ చేసే తప్పులు, దిద్దుబాట్లు

డిక్షనరీలో మొదటి మాట ఎత్తేయడం. దిద్దుబాటు: మాట కింద ఉన్న ఉదాహరణ వాక్యం చదివి, అది మీ వాక్యంలాగే ఉందో లేదో చూడండి. తర్వాత ఆ ఫ్రెంచి మాటను తిరగేసి వెతకండి. వెనక్కి వచ్చిన అర్థాల్లో మీ తెలుగు మాట లేకపోతే వదిలేయండి.

ఫోన్లో "మేనేజర్‌కి కనెక్ట్ చేయండి" అనడానికి 'కొనెక్తే' వాడటం. మనిషిని సాకెట్లో పెట్టినట్టుంటుంది. "నాకు ఫలానావారిని ఇవ్వగలరా" అనాలి: 'పూర్రియే-వూ మ పాసే' అని మొదలుపెట్టి పేరు చెప్పండి. అవతల 'న కితే పా' అంటే పెట్టేయకండి అని.

'రపోర్'ను చూసి రిపోర్టేనని, లేదా సంబంధమేనని ఒకదానికే కట్టుబడటం. రెండూ నిజమే. ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇవ్వాల్సిన రిపోర్టు 'రపోర్ ద స్తాజ్'.

'లియాఁ', 'లియే' కలగలపడం. మొదటిది ముక్కుతో, రెండోది నోటితో. అద్దం ముందు ముక్కు మూసుకుని పలికి చూడండి. మొదటిది చెడిపోతుంది, రెండోదానికి ఏమీ కాదు.

12. పంపే ముందు చూసుకోవాల్సినవి

- వాక్యంలో తెలుగు మాట పక్కన రాసుకున్నానా?
- కలుస్తున్న రెండూ ఏమిటో గుర్తు పెట్టానా?
- మనుషుల మధ్య అయితే 'లియేజోఁ' లేదని చూశానా?
- ఇల్లు, బిల్లు అయితే తీగ పనా, ఒప్పందమా?
- లింగం, ముందున్న చిన్నమాట సరిపోయాయా?
- నెట్ కాని చోట 'కొనెక్సియోఁ' మిగిలిపోయిందా?

13. సాధనకు నాలుగు వాక్యాలు

జవాబు చూడకముందే రాయండి.

"ఛార్జరు కనెక్షన్ లూజుగా ఉంది": 'ఇల్ యా ఆఁ ఫో కోఁతాక్త్'.

"వాళ్లకు చుట్టరికం లేదు": 'ఇల్ నోఁ పా ద లియాఁ ద పరాఁతే'.

"ప్రింటర్‌కు ప్లగ్ పెట్టు": 'బ్రాఁష్ లాఁప్రిమాఁత్'.

చివరిది మా గది గోడ మీద అంటించి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లంతా దీనితోనే మొదలుపెడతారు, ఆరు వారాల తర్వాత మళ్లీ దీన్నే రాస్తారు. "కరెంట్ పోయింది, నెట్ కనెక్షన్ లేదు, కనెక్షన్ ట్రైన్ కూడా మిస్సయ్యాను": 'ఇల్ యా యు యూన్ కూప్యుర్ ద కూరాఁ, జ నవే ప్ల్యు ద కొనెక్సియోఁ, ఎ జే రతే మా కొరెస్పోఁదాఁస్'.